చుక్కలపెట్ట ఇంటిచదువు

చుక్కలపెట్ట తన పిల్లల్ని బాతమ్మ బడికి పంపనంటే పంపనంది. "పెరడంతా బడే! నా వెంట తిరిగితే చాలు, చదువు దానంతటదే వస్తుంది," అంది.

పిల్లలు వెంట తిరిగాయి. పెంటకుప్ప గీరడం, బూడిదలో పొర్లడం నేర్చుకున్నాయి. చెదపురుగులు కనబడ్డప్పుడల్లా అమ్మ "గద్దొచ్చిందర్రోయ్!" అని అరవడం, మిగతా కోళ్లు గంప కింద దూరగానే తీరిగ్గా ఒక్కతే మెక్కడం కూడా చూశాయి. అదీ పాఠమేనని పెట్ట చెప్పలేదు. పిల్లలు అడగనూ లేదు.

ఓ పొద్దున ఇంటావిడ బియ్యం చెరిగి, నూకలు పెరట్లో పోసింది. పెట్ట ముక్కు వంచిందో లేదో, అన్నిటికన్నా చిన్న పిల్ల కేకేసింది.

"గద్దొచ్చిందర్రోయ్!"

పెట్ట పిల్లల సంగతి కూడా మరిచి గంప కింద దూరింది. కాసేపటికి తల బయటపెట్టి చూస్తే ఆకాశంలో గద్దా లేదు, నేలమీద నూకా లేదు. పిల్లలు ముక్కులు మట్టికి రాసుకుంటున్నాయి.

"గద్దేదే?"

"నువ్వరిచినప్పుడు మాత్రం ఉండేదా అమ్మా?"

అప్పుడే దడి అవతలినుంచి బాతమ్మ పలకరించింది. "ఏం వదినా, పిల్లలకి చదువేమైనా అబ్బిందా?"

"ఎందుకబ్బలేదు వదినా! నా నోటికాడి కూడు లాక్కునేంత అబ్బింది," అంది పెట్ట, ఖాళీ నేలని గీరుకుంటూ.