రసమట్టం

"మీ గోడే వంకర పిన్నిగారూ" అన్నాను.

నేల పనికి తోడు వాల్‌పేపర్ కూడా మొదలెట్టాక ఇదే మొదటి ఇల్లు. టైల్స్ అలవాటు కొద్దీ నేల నుంచే కొలిచి అంటించాను. కాగితం మీది అడ్డగీతలు కిటికీ దగ్గరికొచ్చేసరికి రెండు వేళ్ళు కిందికి దిగిపోయాయి.

సాయానికి వచ్చిన మా బావమరిది గోడకి రసమట్టం ఆనించాడు. "గోడ బంగారంలా ఉంది బావా." తర్వాత దాన్ని నేల మీద పెట్టాడు. బుడగ ఓ చివరికి పారిపోయింది. "ఈ టైల్స్ ఏ మహానుభావుడు వేశాడో గానీ, తాగి వేసుంటాడు!"

"ఆరేళ్ళ కిందట మీ బావే వేశాడు నాయనా" అంది పిన్నిగారు.

వాడు రసమట్టం తీసి సంచిలో పెట్టేశాడు.

టైల్స్ వేసిన రోజే ఆవిడ, నేల వాలుగా ఉన్నట్టుందని అంది. "మీకే కళ్ళు తిరుగుతున్నాయి, డాక్టరుకి చూపించుకోండి" అని నవ్వేశాను.

"నువ్వన్నావని ఆరేళ్ళుగా మాత్రలు మింగుతున్నానయ్యా" అంటూ ఆవిడ ఎప్పటిలా గోడ పట్టుకుని కాకుండా, తిన్నగా గది దాటింది. "అంటే నాకే జబ్బూ లేదన్నమాట!"

చిన్నపిల్లలా నవ్వింది. తిట్టినా బాగుండేది.