నాలుగో టర్న్ దాటనివ్వను

"ఎదుటోడికి ఊపిరాడకూడదు బావా. అలాంటి కార్డుల డెక్ ఒకటి కట్టిపెట్టు," అన్నాడు నూకరాజు, కౌంటర్ మీద మోచేతులు ఆనించి.

ధనరాజ్‌ది అనకాపల్లి మెయిన్‌రోడ్డులో సెల్‌ఫోన్ కవర్ల కొట్టు. వెనకగదిలో రెండు టేబుళ్లు. రాక్షసులూ మంత్రగాళ్లూ బొమ్మలుగా ఉన్న కార్డులతో ఆడేవాళ్లు ఆదివారాలు అక్కడ చేరతారు. ఇది పేకాట కాదు మొర్రో అని పోలీసులకి రెండుసార్లు, వాళ్లావిడకి రోజూ చెప్పుకుంటాడు ధనరాజ్.

"నువ్వు బెల్లం దిమ్మలు తూసినంత నిదానంగా ఆడతావు. నీకు దూకుడెందుకు?"

"నానాజీని కొట్టాలి."

ధనరాజ్ చేతిలో కార్డులు కింద పెట్టేశాడు.

మూడు నెలల కిందటిదాకా ఆ గదిలో నానాజీని ఓడించినవాడు లేడు. అప్పుడే కశింకోట దగ్గర బండి జారి అతని కుడిచెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది. కదిలిస్తూ ఉంటే చెయ్యి మామూలవుతుందని డాక్టరు చెప్పాడు. నానాజీ కదిలించడు. మంచం దిగడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. స్నేహితులు వంతులేసుకుని వెళ్లి, రెండాటలు కావాలని ఓడిపోయి వస్తున్నారు.

"మొన్న నేనూ ఎల్లి ఓడొచ్చేను," అన్నాడు ధనరాజ్. "చచ్చిన పాముని కొడతావేటిరా?"

"పోయినేడు పోటీల ఫైనల్లో నన్నేటన్నాడో మర్సిపోయేవా? కల్యాణమండపం నిండా జనం సూత్తుండగా, 'ఎల్లి బెల్లం తూసుకోరా' అన్నాడు. మా ఆవిడ కూడా నవ్వింది బావా."

నూకరాజు బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తాడు. ఆ మాట ఏడాదిగా అతనికి మింగుడుపడలేదు. ధనరాజ్‌కి అసహ్యం వేసింది. కానీ ఆట గురించి ఎవరడిగినా చెప్పకుండా ఉండలేని జబ్బు అతనిది.

"అన్నీ చవక కార్డులే పెట్టు. మొదటి టర్న్‌లోనే ఒకణ్ణి దింపు. రెండో టర్న్ నుంచి కొట్టడమే. కాపలాకి ఎవణ్ణీ ఉంచకు. చేతిలో ఏదీ దాచుకోకు. ఆడికి ఇరవై ప్రాణాలు. అవి ఎన్ని తగ్గేయన్నదే నీకు కావాలి."

"మద్దెలో ఆగితే?"

"ఆగితే నీ పని ఆఖరు. ఆరో టర్న్‌కి నీ చేతిలో ఒక్క కార్డుండదు. నానాజీది నిదానం డెక్. గోడలు కట్టుకుని కూకుని, ఏడో టర్న్‌లో ఏనుగుని దింపుతాడు. ఏనుగొచ్చిందా, నీ చవక బుడతల్ని తొక్కేత్తాది. అంతవరకూ రానివ్వకూడదు."

"నాలుగో టర్న్ దాటనివ్వను," అన్నాడు నూకరాజు. పళ్లు కొరికిన చప్పుడు ధనరాజ్‌కి వినిపించింది.

నూకరాజు వారం రోజులు సాధన చేశాడు. ఆదివారం మధ్యాహ్నం గవరపాలెంలో నానాజీ ఇంటికి బయల్దేరాడు. శ్రుతి మించితే ఆపుదామని ధనరాజ్ కూడా వెళ్లాడు.

నానాజీ భార్య సుచిత్ర తలుపు తీసింది. "అటు తిరిగి పడుకున్నారు," అంది. ధనరాజ్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

ఆమె భర్తని దిండుకి ఆనించి కూర్చోబెట్టింది. ఒళ్లో పీటవేసి, డెక్ కలిపి, కార్డులు ఎడమచేతికి అందించింది. కుడిచెయ్యి దిండు మీద అలాగే పడుంది.

మొదటి ఆట నాలుగో టర్న్‌లో అయిపోయింది. మూడు నెలల్లో మొదటిసారి ఓడిన నానాజీ తెల్లబోయాడు.

"సూసుకోనేదు," అన్నాడు.

రెండో ఆటా అంతే. ఒక గోడ లేచేలోపు నూకరాజు బుడతలు ఆరుగురు వచ్చి మీదపడ్డారు.

"అయిపోయేవు," అన్నాడు నూకరాజు. "ఇంక గోడకేసి తిరిగి పడుకో."

ధనరాజ్ అతని భుజం పట్టుకున్నాడు. "చాలు, లే." నూకరాజు ఆ చెయ్యి విదిలించేశాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నానాజీ ముక్కుపుటాలు అదిరాయి. కార్డులు కలపడానికి సుచిత్ర చెయ్యి చాపింది.

"నువ్వొగ్గీ! నేను కలుపుతాను."

కుడిచెయ్యి దిండు మీంచి లేచింది. వణుకుతూ వచ్చి కార్డుల మీద పడింది. సగం కార్డులు నేలపాలయ్యాయి.

"సేతకాకపోతే మానీ," అన్నాడు నూకరాజు.

లాగి ఒకటి ఇవ్వాలనిపించింది ధనరాజ్‌కి. సుచిత్ర వంగి కార్డులు ఏరి పీటమీద పోసింది. నానాజీ పళ్లబిగువున ఒక్కొక్కటీ కుడిచేత్తోనే దగ్గరికి లాక్కున్నాడు. పది నిమిషాలు పట్టింది. నూకరాజు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.

మూడో ఆట ఐదో టర్న్ దాకా సాగింది. అదీ పోయింది.

"రేపు రారా!" అని అరిచాడు నానాజీ. "నీ దూకుడు నాకర్థమైంది. ఏనుగులన్నీ తీసిపారేత్తాను. రెండో టర్న్‌కే చవక గోడలు కడతాను. ఆరో టర్న్‌కి ఉత్తసేతుల్తో కూకుంటావు సూడు, అప్పుడు సెప్తాను నీ పని! సుచిత్రా, నా కార్డుల పెట్టె ఇటు తే!"

"వత్తాను. ఓడిపోడానికి రెడీగా ఉండు," అని నూకరాజు లేచాడు.

వీధిలోకి రాగానే ధనరాజ్ అతని కాలర్ పట్టుకున్నాడు. "నువ్వు మనిషివేనా? మంచం మీదున్నోడి మీదా నీ పగ? ఇంక నా కొట్టు మెట్టెక్కితే కాళ్లిరగ్గొడతాను!"

ఇంతలో సుచిత్ర చెప్పులైనా లేకుండా, చీరకొంగుతో కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. దుమ్మెత్తి పోస్తుంది, పొయ్యాల్సిందే అనుకుని ధనరాజ్ కాలర్ వదిలి పక్కకి తప్పుకున్నాడు.

ఆమె ఒకసారి వెనక్కి కిటికీవైపు చూసి, నూకరాజు దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"రేపు కూడా ఓడించండన్నయ్యా."