రెండో కూత

“ఆపెయ్యవే దాన్ని” అంటూ అమ్మమ్మ ఉన్ని టోపీని చెవుల మీదికి లాక్కుని, రేంజర్ల షెడ్డులోంచి మళ్లీ బయటికి నడిచింది.

డెల్విన్‌కి కాలు నిలవడం లేదు. ముళ్లగడ్డిలో పెట్టిన రికార్డరు నుంచి కంప్యూటరు ఒక కూతను, దానికి జవాబును ఏరి పెట్టింది. అవి అంతరించిపోతున్న రాత్రి చిలుకవే అయితే గని రోడ్డు ఆ గడ్డిని తప్పించి పోవాలి. కాకపోతే రేపు బుల్‌డోజర్లు దిగుతాయి. కంప్యూటరు మాట ఒక్కటే చాలదట, ఆ కూత ఎరిగిన మనిషి కూడా అవుననాలి. ఎరిగినవాళ్లు ఇద్దరే. తాత మొన్న వేసవిలో పోయాడు. వాళ్ల ఆచారం ప్రకారం ఆయన పేరు ఇప్పుడెవరూ పలకరు, ఫోటోలు గోడవైపు తిప్పి ఉన్నాయి. ఇక మిగిలింది ఈ మొండి మనిషి.

నగరంలోని సర్వే ఆఫీసు నుంచి హామిష్ ఫోను. “ఏమన్నారు? సాయంత్రంలోగా పంపాలి.”

“టోపీ లాక్కుంది.”

“కంప్యూటరంటే పడదేమో.”

“రోజంతా అందులో పేకాడుతుంది సార్.”

డెల్విన్ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బయటికొచ్చింది. అమ్మమ్మ నిప్పుల మీద టీ పెడుతోంది.

“ఒక్కసారి విను అమ్మమ్మా. పోయిన చలికాలం పట్టిన కూత ఇది. నువ్వు కాదంటే ఆ గడ్డి ఉండదు.”

“పోయిన చలికాలమంతా ఆలిస్ పట్నం ఆసుపత్రిలో ఒక మిషను నా రక్తం కడిగింది. ఇప్పుడు నీ మిషను నా బుర్ర తింటోంది.”

డెల్విన్ మొండిగా మీట నొక్కింది. సన్నటి ఈల. అమ్మమ్మ గరిటె కింద పెట్టేసింది.

“పిట్ట కాదే అది. ఆయన.”

డెల్విన్ గబుక్కున ఆపేసింది. పోయిన మనిషి గొంతును పొద్దుటి నుంచీ ఆయన భార్య చెవిలో మోగిస్తున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

“పొద్దుగూకగానే గడ్డిలోంచి అచ్చం ఆ చిలుకలా పిలిచేవాడు, టీ అయిందా అని. నేనూ అలాగే పలికేదాన్ని. మనుషుల్లో మా ఇద్దరికీ తప్ప ఆ కూత ఎవరికీ రాదు.”

“అయితే జవాబు నీదే” అంది డెల్విన్ నీరసంగా. హామిష్‌కి ‘పిట్ట లేదు’ అని రాయడం మొదలుపెట్టింది. ఏడుపొస్తోంది.

“జవాబేమిటి?”

“రెండో కూత. నువ్వు మొదటిది వినగానే లేచిపోతున్నావుగా.”

“అదొక్కటే పెట్టు.”

పెట్టింది. అమ్మమ్మ టోపీ తీసేసి, కళ్లు మూసుకుని వింది. మళ్లీ పెట్టమంది. కళ్ల నిండా నీళ్లు, పెదాల మీద నవ్వు.

“పిచ్చి ముసలాడు, ఒక్కడే ఉండి కూడా పిలిచాడన్నమాట.”

“ఒక్కడేనా? నువ్వు పలికావుగా?”

“ఆ చలికాలం నేనిక్కడ లేనుగా, ఆసుపత్రిలో ఉన్నాను.”