నత్త వీపున తోటకూర

చిన్న కథే, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మడుగు గట్టున వారం వారం సంత జరుగుతుంది. సంతపెద్ద బోదురుకప్ప. తన గొంతు వినే సంత కూడుతుందని ఆయన నమ్మకం. ఆయన భార్య మాత్రం చెవుల్లో నాచు పెట్టుకుని పడుకుంటుంది. సరే, అది వేరే సంగతి.

నత్త శేషమ్మ చేను సంతకు కూతవేటు దూరం. అంటే ఆమెకు మూడు వారాల నడక. వేసేది తోటకూర. కోసినప్పుడు నవనవలాడే కూర సంతకొచ్చేసరికి కుళ్ళిపోయేది.

"ఇది కూరా, ఎరువా?" అంది కుందేలు.

"ఇంకోసారి ఇలాంటిది తెస్తే నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను," అన్నాడు కప్ప. ఆ చోటు పోతే శేషమ్మకు బతుకు లేదు.

పొరుగు చేను ఎండ్రకాయ గవరయ్య సలహా చెప్పాడు. "ఆకుకూరలు సంత పక్కవాళ్ళకత్తా. దూరమున్న మనం గుమ్మడి వెయ్యాలి. నెలలైనా చెడదు. నేనదే వేశాను."

"మరి నీ కాయ సంతలో ఎప్పుడూ కనపడదేం?"

"తోస్తుంటే పక్కకే పోతోందత్తా."

"నా నెత్తిన ఇప్పటికే ఇల్లుంది. గుమ్మడికాయ ఎక్కడ పెట్టనురా?" అంటూనే శేషమ్మ ఆలోచనలో పడింది.

మర్నాడు పెంకు మీద మట్టి మెత్తి, విత్తనాలు చల్లి బయల్దేరింది. దారిలో జల్లులు తడిపాయి. సంత చేరేసరికి కూర జానెడు ఎదిగింది. కుందేళ్ళు వరసలో నిలబడి ఆమె వీపు మీదే కోసుకున్నాయి.

ఆ రోజే గవరయ్య గుమ్మడికాయ కూడా సంతకు చేరింది. అవతలి మడుగు సంతకు. బాగానే అమ్ముడుపోయిందట.