సందు లేని ఇల్లు

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? జ్ఞానప్రసూనకు జరిగింది, ఒక ఈమెయిల్ ద్వారా జరిగింది. ఆమె వేయించే ఎండు నెత్తళ్ల చేపల వాసన తన హాల్లోకి వస్తోందని పక్కింటి యోగానంద్ టౌన్‌హౌస్‌ల కమిటీకి ఫిర్యాదు చేశాడు. ప్రతి ఆదివారం పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద మాంసం సాసేజిలు కాల్చే మనిషి అతను. కమిటీ ఆమెనే హెచ్చరించింది. పరదేశంలోని ఆ ట్రుగనీనా శివారులో రెండు చలికాలాలు ఆమెకు చప్పిడి కూరలతో గడిచాయి.

ఈ శనివారం ఆమె అదే యోగానంద్ హాల్లో వెలిగించిన అగరుబత్తితో నిలబడి ఉంది. హీటర్ బిల్లులు భరించలేక ఆ వీధివారంతా కలిసి వారానికొక ఇంటి సందులు మూస్తున్నారు. పొగ ఎక్కడ వంగితే అక్కడ గాలి దూరుతున్నట్టు. మధ్యాహ్నం ఆ ఇంటి పొయ్యి మీదే అందరికీ వంట. ఈ వారం వండే వంతు జ్ఞానప్రసూనది.

“వంగింది. కిటికీ కింద,” అంది.

ఎదురింటి అమృత వంగి సీలెంట్ పూసింది.

“మీరు వస్తారని ఎక్స్‌పెక్ట్ చెయ్యలేదు ఆంటీ,” అన్నాడు యోగానంద్. “ఆ ఈమెయిల్ సంగతి మనసులో పెట్టుకోకండి.”

“పెట్టుకుంటే నీ ఇంటి సందులు మూస్తానా నాయనా?”

“అదే కదా. టైట్‌గా సీల్ అయితే మీ ఇంట్లో మీరేం ఫ్రై చేసుకున్నా నాకు స్మెల్ రాదు. ఇద్దరికీ హ్యాపీ.”

“అందుకే ఒక్క సందు కూడా వదలను.”

వదలలేదు. తలుపుల అడుగున పట్టీలు వేయించింది. చివరికి వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు కూడా మూత బిగించమంది.

“అది కూడానా ఆంటీ?” అంది అమృత.

“వెచ్చదనమంతా ముందు అక్కణ్ణుంచే పోతుంది.”

మరో అగరుబత్తి వెలిగించి చూశారు. పొగ నిటారుగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

“సీలెంట్ ఆరాలి. రేపు పొద్దుటి దాకా ఒక్క కిటికీ తెరవకూడదు. అందరి ముందూ మాటివ్వు,” అంది జ్ఞానప్రసూన.

“ప్రామిస్ ఆంటీ. మీ ఋణం ఎలా తీర్చుకోవాలో తెలియట్లేదు.”

“నీకేం బాకీ లేదు నాయనా. బాకీ నాది.”

ఆమె కొంగు దోపుకుని వంటగదిలోకి వెళ్లింది. మూకుడులో నూనె పోసి, అది కాగేదాకా ఓపిగ్గా నిలబడి, తన సంచి విప్పింది.

ఎండు నెత్తళ్లు చుయ్యిమన్నాయి.