రానీ, చాలు

“ఈ గీత ఎందుకు గీశారు?” అని బీమా అధికారి కాగితం తిప్పి చూపించాడు.

ప్రమాద నివేదికలో డ్రైవర్ పేరు రాయాల్సిన గడిలో అడ్డంగా ఒక గీత ఉంది. నివేదిక రాసింది గోడౌన్ గుమాస్తా. చనిపోయినావిడకి తమ్ముడు.

“చెయ్యి జారింది,” అన్నాడు గుమాస్తా.

“బాగా తిన్నగా జారింది. లారీ నంబరులో కూడా ఒక అంకె జారింది. పోలీసుల కాగితం వచ్చేదాకా ఆగుదామంటే దావా వేసే గడువు దాటిపోతుంది.”

గుమాస్తా బావ, చనిపోయినావిడ భర్త, ఎదురు కుర్చీలో నేల చూస్తూ కూర్చున్నాడు. నెల రోజులుగా గడ్డం గీసుకోలేదు.

అధికారి ఆయన వైపు తిరిగాడు. “ఆవిడ డ్యూటీలో, గోడౌన్ గోడకీ లారీకీ మధ్య నలిగి పోయింది. యజమాని తరఫున పరిహారం మేం ఇచ్చాం. కానీ తప్పు యజమానిది కాదు, బయటివాడిది. కిరాయి లారీ, బండి డ్రైవర్ సొంతం. వాడి మీద దావా వేసే హక్కు మీది. పరిహారం ఇచ్చాం కాబట్టి ఆ హక్కు ఇప్పుడు మాది. మీ స్థానంలో మేం నిలబడతాం.”

“నా స్థానంలోనా?”

“చట్టం ప్రకారం.”

“నిలబడి చూడండి,” అన్నాడు భర్త.

అధికారి దాన్ని ఒప్పుకోలు కింద తీసుకున్నాడు.

“బావా, వదిలెయ్,” అన్నాడు గుమాస్తా. “వాడికీ ఓ పిల్ల ఉంది.”

“పిల్లకీ తెలియనీ.”

“జాలిపడుతూ కూర్చుంటే మా పని జరగదండీ,” అన్నాడు అధికారి. “అసలు చిక్కు వేరే ఉంది. లారీ వెనక్కి వచ్చేటప్పుడు గోడ దగ్గర నిలబడి ‘రానీ, రానీ’ అని కేకెయ్యడం ఆవిడ పని. ఆ రోజు ‘చాలు’ అనాల్సిన చోట కూడా ‘రానీ’ అంది అని ఇందులో ఉంది. అలాగైతే తప్పు ఆవిడదే. వాడి మీద మా దావా నిలవదు.”

భర్త తలెత్తాడు. “అలా రాశావా?”

“అక్క పోయింది బావా. పోయినావిడకి ఇంకేమవుతుంది?”

“పన్నెండేళ్లు ఆ గోడ దగ్గర నిలబడింది. ఒక్క బండి గోడకి తగల్లేదు. చచ్చాక దాన్ని పని రానిదాన్ని చేశావు.”

గుమాస్తా నివేదిక కోసం చెయ్యి చాపాడు. అధికారి ఇవ్వలేదు.

“మా ఆవిడ ‘చాలు’ అంది,” అన్నాడు భర్త అధికారితో. “రెండుసార్లు. అది కొట్టేసి ఇది రాయండి.”

“విన్నవాళ్లున్నారా?”

“ఒకడున్నాడు.”

“కోర్టుకొస్తాడా?”

“పిలిస్తే వస్తాడు.”

అధికారి రాసుకున్నాడు. “మరి డ్రైవర్‌కి వినపళ్లేదా?”

“వినపడింది. ఆవిడ ఎప్పుడూ ముందే చాలంటుందని వాడి నమ్మకం. ఇంకో జానెడు పడుతుందనుకున్నాడు.”

“అద్దంలో చూడలేదా?”

“లేదు.”

“ఇవన్నీ మీకెవరు చెప్పారు?”

“వాడే.”

“మీతోనా? ఏ మొహం పెట్టుకుని?”

“ఉన్న మొహమే.”

అధికారి తల అడ్డంగా ఊపాడు. ఇలాంటివాళ్లను ఆయన చాలామందిని చూశాడు.

“ఇన్నాళ్లూ వాణ్ని ఎవరూ ఒక్క మాట అనలేదు,” అన్నాడు భర్త. “పోలీసులు కూడా భుజం తట్టి పంపారు. మీరు బోనెక్కించి అడుగుతారా?”

“అడగడమే మా పని.”

“అందరి ముందా?”

“అందరి ముందే. బండి జప్తు కావచ్చు. ఇల్లుంటే ఇల్లు కూడా. కట్టేదాకా వదలం.”

“వదలకండి.”

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంతగా సహకరించిన మనిషి అధికారికి తగల్లేదు. ‘రానీ’ కొట్టేసి ‘చాలు’ అని రాశాడు. ఆ కిందే భర్త వాంగ్మూలం రాసి, చదివి వినిపించాడు. భర్త ఆ ఒక్క వాక్యం మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాడు. భర్త సంతకానికి కలం అందుకున్నాడు.

గుమాస్తా లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. “బావా, నీ కాళ్లు పట్టుకుంటా. అక్క ఉన్నా వద్దనేది.”

“అంటే మాత్రం, ఎప్పుడు విన్నారు దాని మాట?”

చెయ్యి విడిపించుకుని సంతకం పెట్టాడు. అధికారి కాగితాన్ని తనవైపు లాక్కుని, గీత గీసిన గడి మీద కలం ఆనించాడు.

“ఇక ఇదొక్కటే. ఆ డ్రైవర్ పేరు?”

“నా పేరే రాయండి,” అన్నాడు భర్త.