తట్టి చూసిన సముద్రం

"ఆ పాట తీసెయ్యమ్మాయ్. ఉత్త సముద్రం వినిపించు," అంది పింగాణీ దుకాణం ఆవిడ.

టికెట్ల ఆఫీసు అమ్మాయి చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. పొద్దుట్నుంచి నలుగురికి తెరమీద సముద్రాల వీడియోలు చూపించింది. ఇసుక తెల్లగా ఉంటుందా, గదిలోంచి నీళ్లు కనిపిస్తాయా అని అడిగారే గానీ, కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లు లేరు.

"ఫొటోలు చూడరా మేడమ్? వెచ్చటి ఎండ, గొడుగు కింద పడక కుర్చీ, పలకరించే మనిషి ఉండడు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇంతకన్నా..."

"చూసి కొన్న కప్పులో పగులుంటుంది. విని కొన్నదాంట్లో ఉండదు."

ఇరవై ఏళ్ల వ్యాపారం ఆవిడది. పెట్టె వచ్చిందంటే కప్పులన్నీ ఒక్కొక్కటే పైకెత్తి గోటితో తడుతుంది. కంటికి దొరకని వెంట్రుకంత చీలిక ఆ చెవికి దొరికిపోతుంది. విప్పి చూడనిదే పెట్టె దించుకోదని లారీవాళ్లు సణుగుతారు. సణిగితే సణిగారు. మొహమాటపడి దించుకున్న సరుకు ఇంట్లో మూలకే గానీ బేరానికి పనికిరాదు.

పక్క కుర్చీలో ఉన్నది వదిన, ఆవిడ భర్తకు అక్క. "ఎక్కడికైనా పంపించమ్మా, పుణ్యముంటుంది," అంది. "మూడు నెలలుగా దీనికి కంటిమీద కునుకు లేదు. మొన్న చేతిలో పళ్లేల దొంతర జారవిడిచింది. ఏనాడైనా ఒక్క సాసరు పగలగొట్టి ఎరుగునా? పదిరోజులు దుకాణం మొహం చూడకుండా వెచ్చటి చోట ఒక్కతే పడుకోకపోతే మనిషి దక్కదన్నాడు డాక్టరు."

"అయితే కొండల్లో కూడా మంచి చోట్లున్నాయి..."

"సముద్రమే," అంది ఆవిడ.

వదిన నిట్టూర్చి, అమ్మాయి వైపు వంగింది. "మా తమ్ముడు పోయింది సముద్రంలోనే. నాలుగేళ్లయింది. ఒడ్డున చెప్పులు, మడతపెట్టిన చొక్కా దొరికాయి. మనిషి దొరకలేదు. మేం ఏడ్చి ఊరుకున్నాం. ఇది ఏడవనూ లేదు, పోయాడన్న కాగితం మీద సంతకం పెట్టనూ లేదు. ఇప్పుడేమో ప్రతి మంగళవారం మధ్యాహ్నం దుకాణంలో ఫోను మోగుతుందట."

"మోగుతుందట కాదు వదినా. మోగుతుంది."

"ఎత్తితే మాట ఉండదట. సముద్రం వినిపిస్తుందట. పాతకాలం తీగ ఫోను, నంబరైనా కనపడి చావదు. లైనులో ఏదో గురగుర అంటే వినదే! పోయినవాడు పిలుస్తున్నాడని దీని భ్రమ."

అమ్మాయి తెరమీద నీలంగా మెరుస్తున్న నీళ్లకేసి చూడలేక కిటికీ వైపు చూసింది. బయట పట్టపగలు. బస్సులు మామూలుగానే పోతున్నాయి.

"అంతలా పిలుస్తుంటే, పలక్కుండా ఎన్నాళ్లుంటాం?" అంది ఆవిడ, కళ్లు తెరవకుండానే. "తరవాతది పెట్టమ్మాయ్."

పెట్టింది. "ఇది చదును ఇసుక. అల జారిపోతోంది. వద్దు."

ఇంకోటి. "గోడకి కొట్టుకుంటోంది. తపేలా మీద చరిచినట్టుంది. వద్దు."

ఇంకోటి. "జనం."

"సముద్రాలకి పెళ్లిచూపులు పెట్టావా ఏంటే?" అంది వదిన. "వంకలేని సంబంధం దొరకదు తల్లీ. ఏదో ఒకటి ఖాయం చెయ్యి, నాకు మోకాళ్లు లాగుతున్నాయి."

ఏడోది ఎవరో వణుకుతున్న చేత్తో తీసిన చిన్న వీడియో. నల్లటి రాళ్లు, రాళ్లలో తొర్రలు. అల వచ్చి రెండుసార్లు టక్కుటక్కుమంది. ఆ తర్వాత తొర్రలోంచి, ఖాళీ జాడీ మూతి మీద ఎవరో ఊదినట్టు పొడుగ్గా ఒక ఊపిరి వదిలింది.

ఆవిడ చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

"మళ్లీ."

మళ్లీ రెండు దెబ్బలు, ఒక ఊపిరి. మూడోసారి పెట్టేసరికి ఆవిడ కూడా దానితోపాటే ఊపిరి వదిలింది. గదిలో నాలుగో మనిషెవరో ఉన్నట్టనిపించి అమ్మాయి కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఇదే. ఫోన్లో వినిపించేది ఇదే."

"అదా!" వదిన లేచి నిలబడింది. "అది మాత్రం వద్దు. అంతా రాళ్లూ రప్పలూ. తినడానికి సరైన తిండి ఉండదు. దిగిన చోటునుంచి మళ్లీ గంటన్నర పడవ."

"మీరు వెళ్లారా అమ్మా?" అడిగింది అమ్మాయి.

"నేనెందుకెళ్తాను? ఎవరో అనగా విన్నాను. ఇంకేదైనా చూపించు."

"ఎక్కడికైనా పంపమన్నావుగా వదినా," అంది ఆవిడ మెల్లగా.

అమ్మాయి వివరాలు తెరిచి చదివింది. గొంతు తగ్గించింది. "ఇక్కడ నీళ్లలోకి దిగొద్దని రాసుంది మేడమ్. లోపలికి లాగేస్తుందట."

"ఈతకి కాదులే. గది ఒక్కదానికే రాయి."

"తిరుగు ప్రయాణం ఏ రోజుకి?"

వీడియో ఆగిపోయినా, ఆవిడ ఇంకా అటే చెవి ఒగ్గి ఉంది. అమ్మాయి మౌసు వదిలేసి ఆవిడ మొహంలోకి చూసింది. ఒంటరి ఆడమనిషి, నిద్రలేని కళ్లు, పిలిచే సముద్రం. ఇక్కడ బేరం పోతే ఇంకో బేరం వస్తుంది. మనిషి పోతే?

"తిరుగు టికెట్ లేకుండా ఇవ్వకూడదు మేడమ్. రూలు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

ఆవిడ కళ్లు తెరిచింది. వచ్చినప్పట్నుంచి మొదటిసారి నవ్వింది. "మంచిదానివమ్మాయ్. అబద్ధమాడితే నీ గొంతులో చీలిక వినిపిస్తుంది. అందరి గొంతులోనూ వినిపిస్తుందనుకో." ఆ మాట అమ్మాయితో అంటూనే వదిన వైపు ఒక్క క్షణం చూసింది. "సరే, నీ మాటెందుకు కాదనాలి? పదో రోజుకి రాసెయ్. వెళ్లడానికి ఒక టికెట్."

అమ్మాయి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కీబోర్డు మీదకి వంగింది. వదిన మాత్రం సంచి గుండెలకి హత్తుకుని అలాగే నిలబడిపోయింది.

"రావడానికి రెండు," అంది ఆవిడ.